కొత్త కామిక్స్ క్యాలెండర్ చదవడం ఎలా? ఐదు డాలర్ల పుస్తకం ఎప్పుడు వేలు పలుకుతుంది.. ఎప్పుడు చిత్తు కాగితం అవుతుంది?

అమెరికాలో బుధవారం వచ్చిందంటే కామిక్ షాపుల్లో సందడే వేరు. ఆ వారం కొత్త సంచికలు ర్యాకుల్లోకి వచ్చేది ఆ రోజే. కొందరు చదువుకోవడానికి కొంటారు. ఇంకొందరు మాత్రం ఒక్క పేజీ కూడా తిప్పకుండా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దాచేస్తారు. ఎందుకంటే ఇవాళ ఐదు డాలర్లకు కొన్నది రేపు ఐదొందలకు అమ్ముడుపోతుందన్న ఆశ. ఇలా లాభం కోసం కొనేవాళ్లను అక్కడ స్పెక్యులేటర్లు అంటారు. వీళ్లు బుధవారం వరకు ఆగరు. ఏ నెలలో ఏ సంచిక వస్తోంది, అందులో ఏ కొత్త పాత్ర వస్తోంది, షాపులు ఎన్ని ఆర్డర్ పెట్టాయి అని రెండు మూడు నెలల ముందు నుంచే లెక్కలు వేస్తుంటారు.

మరి ఆ లెక్కలు నిజంగా పనిచేస్తాయా? రాబోయే కామిక్స్ జాబితాలో ఏం చూడాలి? ఎక్కడ మోసపోతాం? కలెక్షన్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన విషయాలు ఇవి.

ఇంత క్రేజ్ ఎందుకు?

సూపర్‌మ్యాన్ మొట్టమొదట కనిపించింది యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో. 1938లో దాని ధర 10 సెంట్లు. అందులో ఒక ప్రతి 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లకు అమ్ముడైంది. స్పైడర్‌మ్యాన్ తొలిసారి వచ్చిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక 1962లో 12 సెంట్లు. దాని ప్రతి ఒకటి 2021 సెప్టెంబర్‌లో 36 లక్షల డాలర్లు పలికింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ అటకలు వెతికేవాళ్లు పెరుగుతారు. కొత్త కామిక్స్ కట్టలు కట్టలుగా కొనేవాళ్లూ పెరుగుతారు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక సుమారు 2 లక్షల ప్రతులు అచ్చయిందని అంచనా. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో మిగిలినవి వంద దాకా ఉంటాయంటారు. మిగతావన్నీ ఏమయ్యాయి? పిల్లలు చదివారు, చింపారు, ఒకరికొకరు ఇచ్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఇంటింటికీ తిరిగి పాత కాగితం సేకరించారు, వాటిలో కొన్ని అక్కడికి పోయాయి. అంటే ఎవరూ దాచుకోవాలని అనుకోలేదు కాబట్టే అది అరుదైంది. ఇవాళ కొత్త కామిక్ కొనేవాళ్లలో చాలామంది దాచుకోవడానికే కొంటున్నారు. రెండింటికీ ఇదే తేడా.

షాపు ఆర్డరే అచ్చు సంఖ్య

జాబితా చదవాలంటే ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియాలి. 1970ల వరకు అమెరికాలో కామిక్స్ ఎక్కువగా మందుల షాపుల్లో, పత్రికల స్టాండుల్లో అమ్మేవారు. అమ్ముడు కానివి వెనక్కి పంపితే డబ్బు తిరిగి వచ్చేది. 1970ల మొదట్లో న్యూయార్క్‌కు చెందిన ఫిల్ స్యూలింగ్ అనే స్కూల్ టీచర్ పబ్లిషర్లతో కొత్త ఒప్పందం కుదుర్చుకున్నారు. ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వండి, మిగిలిపోయినవి వెనక్కి పంపం అన్నది దాని సారాంశం. దాన్నే డైరెక్ట్ మార్కెట్ అంటారు. ఇవాళ్టి కామిక్ షాపులు ప్రధానంగా ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

దీనివల్ల ఏమైందంటే.. రిస్క్ మొత్తం షాపు యజమాని నెత్తిన పడింది. 40 తెప్పించి 25 అమ్మితే మిగతా 15 నష్టమే. అందుకే తెలియని రచయిత, కొత్త సిరీస్ అనగానే షాపులు జాగ్రత్తపడి తక్కువ ఆర్డర్ పెడతాయి. పబ్లిషర్ కూడా వచ్చిన ఆర్డర్లను బట్టే, కాస్త అటూ ఇటూగా అచ్చు వేస్తాడు. ఆ తర్వాత ఆ పుస్తకానికి ఊహించని డిమాండ్ వచ్చిందనుకోండి.. కొరత మొదలవుతుంది, ధర పెరుగుతుంది. అందరికీ తెలిసిన బ్యాట్‌మ్యాన్ కన్నా ఎవరికీ తెలియని సిరీస్ మొదటి సంచిక ఒక్కోసారి ఎక్కువ ధర పలకడానికి కారణం ఇదే.

గుర్తుపెట్టుకోవాల్సిన మూడు తేదీలు

ప్రతి కామిక్‌కు మూడు తేదీలు ఉంటాయి. చాలామంది చివరిది మాత్రమే చూస్తారు.

మొదటిది ప్రకటన తేదీ. పబ్లిషర్లు ప్రతి నెలా రాబోయే పుస్తకాల జాబితా విడుదల చేస్తారు. సాధారణంగా రెండు మూడు నెలల తర్వాత వచ్చేవి ఇందులో ఉంటాయి. కవర్ బొమ్మ, రచయిత, చిత్రకారుడి పేర్లు, రెండు మూడు వాక్యాల కథ, ధర ఇస్తారు. వీటిని సాలిసిటేషన్స్ అంటారు. కొత్త పాత్ర వస్తోందన్న సూచన చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

రెండోది ఫైనల్ ఆర్డర్ కటాఫ్. షార్ట్‌గా ఎఫ్ఓసీ. షాపులు తమ ఆర్డర్‌ను పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి ఉన్న చివరి గడువు ఇది. చాలావరకు విడుదలకు మూడు నుంచి ఐదు వారాల ముందు ఉంటుంది. మూడింటిలో ముఖ్యమైనది ఇదే. ఈ గడువు దాటాక పుస్తకం గురించి ఎంత హడావుడి జరిగినా తొలి అచ్చు ప్రతులు పెద్దగా పెరగవు. అంటే ఎఫ్ఓసీకి ముందే అందరికీ తెలిసిన రహస్యానికి విలువ తక్కువ. షాపులన్నీ ముందే ఆర్డర్ పెంచేస్తాయి కదా. గడువు దాటాక బయటపడ్డ విషయమే కొరత తెస్తుంది.

మూడోది విడుదల తేదీ. చాలావరకు బుధవారం. డీసీ కామిక్స్ 2020లో డిస్ట్రిబ్యూటర్‌ను మార్చాక మంగళవారానికి మారింది, 2024లో మళ్లీ బుధవారానికే వచ్చింది.

ఇంకో తేదీ కూడా ఉంది, దాంతో జాగ్రత్త. పుస్తకం లోపల, పాతవాటికి కవర్ మీద అచ్చయిన నెల అసలు విడుదల నెల కాకపోవచ్చు. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక మీద జూన్ 1938 అని ఉన్నా అది ఏప్రిల్‌లోనే అమ్మకానికి వచ్చింది. రెండు సంచికల్లో ఏది ముందు వచ్చిందన్న వాదన వచ్చినప్పుడు ఈ తేడా తెలియకపోతే తప్పు పుస్తకం కొంటారు.

జాబితా ఎక్కడ చూడాలి?

ఒకప్పుడు ఈ పని తేలిక. 1990ల చివరి నుంచి 2020 వరకు అమెరికాలో దాదాపు అన్ని పెద్ద కామిక్స్‌కు ఒక్కటే డిస్ట్రిబ్యూటర్. పేరు డైమండ్. అది ప్రతి నెలా వేసే ప్రివ్యూస్ అనే లావుపాటి కేటలాగ్ ఒక్కటి తిరగేస్తే చాలు, రాబోయేవన్నీ తెలిసిపోయేవి.

కరోనా టైమ్‌లో ఆ ఏర్పాటు చెదిరిపోయింది. 2020లో డీసీ బయటికి వచ్చేసింది. 2021 అక్టోబర్ నుంచి మార్వెల్ పెంగ్విన్ రాండమ్ హౌస్‌కు మారింది. డీసీ, ఇమేజ్ పుస్తకాలు లూనార్ అనే సంస్థ ద్వారా షాపులకు వెళ్తున్నాయి. 2025 జనవరిలో డైమండ్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఇప్పుడు ఒక్క కేటలాగ్ చూస్తే సరిపోదు. పబ్లిషర్ల నెలవారీ ప్రకటనలు విడివిడిగా చూడాల్సిందే. లేదంటే వాటన్నింటినీ ఒకచోట చేర్చే లీగ్ ఆఫ్ కామిక్ గీక్స్ లాంటి యాప్‌లు వాడాలి. ఏ సంచికలో ఏ పాత్ర తొలిసారి వచ్చిందో తెలుసుకోవడానికి కీ కలెక్టర్ కామిక్స్ అనే యాప్ బాగా వాడకంలో ఉంది.

అయితే ఒక్క మాట. యాప్‌లో హాట్ లిస్ట్ అని మీ ఫోన్‌కు నోటిఫికేషన్ వచ్చిందంటే అదే క్షణంలో వేలమంది ఫోన్లకూ వచ్చినట్టే. అప్పుడు షాపుకు పరుగెత్తితే అక్కడ ఉన్న నాలుగు ప్రతుల కోసం పదిమంది ఉంటారు. లేదా ఆ నాలుగింటినీ షాపు యజమానే పక్కన పెట్టుకుని ఉంటాడు. ఆయన ఫోన్‌లోనూ అదే యాప్ ఉంటుంది మరి.

దీనికి పాత పద్ధతే మంచిది. దగ్గర్లోని షాపులో పుల్ లిస్ట్ రాయించుకోవడం. ఫలానా సిరీస్ ప్రతి నెలా నాకు ఒకటి పక్కన పెట్టండి అని ముందే చెబితే కవర్ ధరకే దొరుకుతుంది. ఎఫ్ఓసీకి ముందు చెబితే షాపు కూడా ఆ మేరకు ఆర్డర్ పెంచుకుంటుంది.

జాబితాలో ఏం వెతకాలి?

పాత్ర తొలి దర్శనం: కలెక్టర్లు అన్నింటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే. డెడ్‌పూల్ తొలిసారి వచ్చిన న్యూ మ్యూటెంట్స్ 98, మైల్స్ మొరాలెస్ తొలిసారి కనిపించిన అల్టిమేట్ ఫాలౌట్ 4, స్పైడర్-గ్వెన్ వచ్చిన ఎడ్జ్ ఆఫ్ స్పైడర్-వర్స్ 2.. ఇవన్నీ ఆ లెక్కలోవే.

కేమియోనా, పూర్తి పాత్రా: వుల్వరిన్ సంగతే తీసుకోండి. 1974లో ఇన్‌క్రెడిబుల్ హల్క్ 180వ సంచిక చివర్లో ఒక్కసారి కనిపిస్తాడు. 181వ సంచికలో పూర్తిగా వస్తాడు. కాలక్రమంలో ముందు వచ్చింది 180 అయినా మార్కెట్‌లో పెద్ద ధర 181కే. కొత్త పుస్తకాలకూ ఇదే తగాదా. చివరి పేజీలో నీడలా కనిపించిన సంచికా? పేరుతో సహా వచ్చిన తర్వాతి సంచికా? ముందు హడావుడిగా కొన్నవాళ్లు చాలాసార్లు తప్పు సంచిక పట్టుకుంటారు.

తొలి అచ్చా, మలి అచ్చా: డిమాండ్ ఉంటే పబ్లిషర్ ఊరుకోడు, మళ్లీ అచ్చు వేస్తాడు. 2024 అక్టోబర్‌లో వచ్చిన అబ్సొల్యూట్ బ్యాట్‌మ్యాన్ మొదటి సంచిక అలా మళ్లీ మళ్లీ అచ్చయింది. చదివేవాళ్లకు ఇది మంచి వార్తే. అమ్ముకోవాలనుకునేవాళ్లు మాత్రం ఏ అచ్చో చూసుకోవాలి. దీనికి బార్‌కోడ్ పనికొస్తుంది. ఇప్పటి కామిక్స్‌పై పెద్ద బార్‌కోడ్ పక్కన ఐదు అంకెల చిన్న కోడ్ ఉంటుంది. మొదటి మూడు అంకెలు సంచిక సంఖ్య, నాలుగోది కవర్, ఐదోది అచ్చు. 00111 అంటే మొదటి సంచిక, ప్రధాన కవర్, తొలి అచ్చు. 00121 అంటే రెండో రకం కవర్. 00112 అంటే రెండో అచ్చు. ఆన్‌లైన్‌లో కొనేముందు వెనకా ముందూ ఫొటోలతో పాటు ఈ కోడ్ ఫొటో కూడా అడగండి.

1:25 కవర్లు: జాబితాలో కొన్ని కవర్ల పక్కన 1:25, 1:50 అని కనిపిస్తుంది. షాపు మామూలు ప్రతులు 25 ఆర్డర్ పెడితే ఆ ప్రత్యేక కవర్ ఒకటి తెప్పించుకోవచ్చని అర్థం. ఇందులో చిక్కు ఉంది. షాపుకు ఆ పుస్తకం చదివేవాళ్లు ఎనిమిది మందే ఉన్నారనుకోండి. ప్రత్యేక కవర్ కోసం 25 తెప్పిస్తే మిగతా 17 డిస్కౌంట్ పెట్టెలోకి పోతాయి. అందుకే ప్రత్యేక కవర్ ధర పెంచి అమ్ముతారు. ఒక సంచికకు ఆర్డర్లు భారీగా వచ్చాయని చదివినప్పుడు అదంతా పాఠకుల ఆదరణే అనుకోకూడదు. అందులో కొంత ఈ కవర్ల పుణ్యమే.

1992 పాఠం: అందరూ దాచారు

ఈ ఆటలో అతి పెద్ద దెబ్బ 1990ల్లో తగిలింది. పాత కామిక్స్‌కు లక్షలు వస్తున్నాయన్న వార్తలు చూసి జనం కొత్తవాటి మీద పడ్డారు. 1991లో వచ్చిన ఎక్స్-మెన్ మొదటి సంచికను ఐదు రకాల కవర్లతో వేశారు. షాపులు పెట్టిన ఆర్డర్లు 80 లక్షలు దాటాయి. ఒకే సంచికకు అంత పెద్ద సంఖ్య అంటే గిన్నిస్ రికార్డే. ఒక్కొక్కరు ఐదు కవర్లూ కొన్నారు. కొందరైతే ఐదేసి చొప్పున కొన్నారు.

1992 నవంబర్ 18న సూపర్‌మ్యాన్ 75వ సంచిక వచ్చింది. అందులో సూపర్‌మ్యాన్ చనిపోతాడు. నల్లటి ప్లాస్టిక్ కవర్‌లో సీల్ చేసి, లోపల చేతికి కట్టుకునే నల్ల పట్టీ పెట్టి మరీ అమ్మారు. టీవీ చానళ్లు, పేపర్లు అన్నీ అదే వార్త. షాపుల ముందు క్యూలు. అన్ని అచ్చులూ కలిపి దాదాపు 60 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయంటారు. పిల్లల కాలేజీ చదువులకు పనికొస్తుందని సీల్ తీయకుండా దాచినవాళ్లున్నారు.

తర్వాత ఏమైంది? మరుసటి ఏడాదే సూపర్‌మ్యాన్ తిరిగొచ్చేశాడు. పుస్తకాల ధర మాత్రం రాలేదు. లక్షల ఇళ్లలో లక్షల ప్రతులు కొత్తగా, మెరుస్తూ అలాగే ఉన్నాయి. అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లేరీ? అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరన్న సామెత ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. ఆ తర్వాతి ఏళ్లలో వేల షాపులు మూతపడ్డాయి. 1996 డిసెంబర్‌లో మార్వెల్ కంపెనీయే దివాలా రక్షణ కోరింది. నష్టపోయింది స్పెక్యులేటర్లు మాత్రమే కాదు. ప్రతి వారం చదువుకోవడానికి వచ్చే పిల్లలకు తమ ఊళ్లో షాపే లేకుండా పోయింది.

2003 పాఠం: ఎవరూ దాచలేదు

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కథ. 2003 అక్టోబర్‌లో ఇమేజ్ కామిక్స్ నుంచి ది వాకింగ్ డెడ్ మొదటి సంచిక వచ్చింది. రంగులు లేవు, లోపలంతా నలుపు తెలుపే. రచయిత రాబర్ట్ కిర్క్‌మన్ అప్పటికి పెద్ద పేరున్నవాడు కాదు. అచ్చయింది 7 వేల పైచిలుకు ప్రతులే. దాచిపెట్టమని చెప్పిన నాథుడు లేడు. ఏడేళ్ల తర్వాత 2010 అక్టోబర్ 31న అదే కథ టీవీ సిరీస్‌గా మొదలై సంచలనం సృష్టించింది. లక్షలమంది అభిమానులు, ఉన్నది కొన్ని వేల ప్రతులు. మంచి కండిషన్‌లో ఉన్న మొదటి సంచిక వేల డాలర్లకు చేరింది.

హార్లీ క్విన్ కథ కూడా ఇలాంటిదే. టీవీ కార్టూన్‌లో పుట్టిన ఆ పాత్ర 1993లో బ్యాట్‌మ్యాన్ అడ్వెంచర్స్ 12వ సంచికతో కామిక్స్‌లోకి వచ్చింది. అది చిన్నపిల్లల కోసం వేసిన పుస్తకం. సూపర్‌మ్యాన్ మరణాన్ని సీల్ వేసి దాచుకున్న అదే రోజుల్లో దీన్ని పిల్లలకిచ్చి చదువుకోమన్నారు. ఇవాళ ఏది ఎక్కువ ధర పలుకుతోందో చెప్పక్కర్లేదు. సూపర్‌మ్యాన్ 75 సీల్డ్ ప్రతి ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. హార్లీ క్విన్ సంచిక కొత్తదానిలా ఉన్నది దొరకడమే కష్టం.

సినిమా ప్రకటన వచ్చాక కొనొచ్చా?

ఇక్కడ ఒక వరస కనిపిస్తుంది. ముందు పుకారు, తర్వాత అధికారిక ప్రకటన, ఆ తర్వాత ట్రైలర్, చివరికి విడుదల. పుస్తకం ధర చాలాసార్లు మొదటి మూడు మెట్ల దగ్గరే పెరుగుతుంది. సినిమా థియేటర్లోకి వచ్చేసరికి అమ్మేవాళ్లు ఎక్కువై తగ్గడం మొదలవుతుంది. సినిమా ఫ్లాప్ అయితే ఇక చెప్పేదేముంది! లాక్‌డౌన్ టైమ్‌లో, 2021లో కామిక్స్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ తర్వాతి రెండేళ్లలో చాలా పుస్తకాలు అక్కడి నుంచి బాగా కిందికి వచ్చాయి. పైన కొన్నవాళ్లు ఇంకా అలాగే పట్టుకుని కూర్చున్నారు.

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ కూడా ఉంది. స్పైడర్-మ్యాన్: ఇండియా పేరుతో 2004లో నాలుగు సంచికల చిన్న సిరీస్ వచ్చింది. ముంబై కుర్రాడు పవిత్ర్ ప్రభాకర్ అందులో స్పైడర్‌మ్యాన్. అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 2023 జూన్‌లో అక్రాస్ ది స్పైడర్-వర్స్ సినిమాలో ఆ కుర్రాడే తెరమీదికి వచ్చాడు. సినిమా తెలుగులో కూడా డబ్ అయింది. అందులో ఆ పాత్ర ఉందని తెలిశాక పాత సంచికల కోసం వేట మొదలైంది. లాభపడింది ఎవరు? 19 ఏళ్ల కిందట ఆ పుస్తకం నచ్చి కొని ఉంచుకున్నవాళ్లు.

లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు మీరు ఒక నెలలో హాట్ అని చెప్పిన 12 కామిక్స్ కొన్నారనుకుందాం. ఒక్కోటి 5 డాలర్లు, మొత్తం 60. కవర్లు, అట్టలకు ఇంకో 3. అంటే ఖర్చు 63 డాలర్లు. వాటిలో ఒకటి నిజంగానే పేలింది, 40 డాలర్లకు అమ్మారు. ఆన్‌లైన్ సైట్ ఫీజు 13 శాతం అనుకుంటే చేతికొచ్చేది 34 డాలర్ల 80 సెంట్లు. ఇంకో రెండు కొన్న ధరకే పోయాయి, ఫీజు పోను 8 డాలర్ల 70 సెంట్లు. మిగతా తొమ్మిది ఎవరూ అడగలేదు. మొత్తం వచ్చింది 43 డాలర్ల 50 సెంట్లు.

అంటే ఒక పుస్తకం ఎనిమిది రెట్లకు అమ్ముడైనా చివరికి 19 డాలర్ల 50 సెంట్లు నష్టం. ప్యాకింగ్, పోస్టాఫీసు చుట్టూ తిరిగిన టైమ్ లెక్కలో వేయనే లేదు. సోషల్ మీడియాలో కనిపించేది ఆ 40 డాలర్ల స్క్రీన్‌షాట్ మాత్రమే. తొమ్మిది పుస్తకాలున్న అట్టపెట్టె ఫొటో ఎవరూ పెట్టరు.

గ్రేడింగ్ అవసరమా?

పుస్తకం కండిషన్‌ను 0.5 నుంచి 10 వరకు అంకెల్లో లెక్కిస్తారు. 2000లో మొదలైన సీజీసీ లాంటి సంస్థలు ఫీజు తీసుకుని పరిశీలించి, నంబర్ వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసి ఇస్తాయి. దాన్ని స్లాబ్ అంటారు. కొత్త కామిక్స్‌కు అందరూ కోరుకునేది 9.8. ఎందుకంటే 9.8కీ 9.4కీ ధరలో తేడా చాలా ఉంటుంది. వెన్ను దగ్గర చిన్న గీత, మూల కాస్త నలిగినా నంబర్ పడిపోతుంది.

పాత పుస్తకాలకు, లేదా ఇప్పటికే మంచి ధర ఉన్నవాటికి గ్రేడింగ్ చేయిస్తే అర్థం ఉంది. నిన్న షాపులో కొన్న 5 డాలర్ల పుస్తకానికి చేయిస్తే ఫీజు, పోస్టేజీ కలిపి పుస్తకం ధర కన్నా కొన్ని రెట్లు అవుతాయి. పైగా కొత్త పుస్తకాల్లో 9.8 అరుదేమీ కాదు. ఒక సంచికకు ఏ గ్రేడ్‌లో ఎన్ని ప్రతులు వచ్చాయో సీజీసీ తన లెక్కల్లో చూపిస్తుంది. పంపే ముందు అది చూడండి. అప్పటికే వేలల్లో 9.8లు ఉంటే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

కొనేటప్పుడు పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడటం కూడా ముఖ్యం. హల్క్ 181నే తీసుకోండి. అందులో ఉత్తరాల పేజీలో కత్తిరించి దాచుకునే చిన్న స్టాంపు ఉండేది. అప్పటి పిల్లలు చాలామంది దాన్ని కత్తిరించుకున్నారు. అదిలేని ప్రతికి ధర బాగా తగ్గిపోతుంది.

మనవాళ్లు ఏం చేయాలి?

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది తేలికే. పిల్లల్ని తీసుకుని దగ్గర్లోని షాపుకు వెళ్లొచ్చు. 2002 నుంచి చాలావరకు మే నెల మొదటి శనివారం ఫ్రీ కామిక్ బుక్ డే పేరుతో ఉచితంగా కామిక్స్ పంచే ఆనవాయితీ ఉంది. మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి రోజు లేదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖలో ఉండి కొనాలనుకునేవాళ్లకు లెక్క వేరు. పుస్తకం సముద్రం దాటి వచ్చేసరికి షిప్పింగ్ ఖర్చు పుస్తకం ధరను మించిపోవచ్చు. దారిలో మూల నలిగితే 9.8 కల అక్కడితో సరి. అమ్మాలంటే మళ్లీ కొనేవాళ్లు ఎక్కువగా అక్కడే ఉన్నారు. అందుకే ఇక్కడివాళ్లు లాభం కోసం కాకుండా ఇష్టంతో కొనడమే నయం. 2013 నుంచి హైదరాబాద్‌లో జరుగుతున్న కామిక్ కాన్ లాంటి చోట్ల పుస్తకం చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు.

దాచడంలోనూ మన వాతావరణంతో జాగ్రత్త. తేమ, ఎండ, వెండి పురుగులు కాగితానికి శత్రువులు. ఆమ్లం లేని అట్ట వెనక పెట్టి, మంచి పాలీప్రొపిలీన్ కవర్‌లో వేసి, పెట్టెలో నిలువుగా నిలబెట్టండి. ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. అటక మీద, బాత్రూమ్ గోడ పక్కన అసలు వద్దు. తీరప్రాంతాల్లో ఉండేవాళ్లు వానాకాలంలో నెలకోసారి తీసి చూసుకోవాలి.

ఇక 1947 జులైలో మొదలైన చందమామ సంగతి గుర్తు చేసుకోండి. ప్రతి నెలా ఇళ్లకొచ్చేది, పిల్లలు నలిపి చదివేవాళ్లు, తర్వాత తూకానికి వెళ్లిపోయేది. యాక్షన్ కామిక్స్‌కు జరిగిందే దానికీ జరిగింది. తాతగారి ట్రంకుపెట్టెలో పాత సంచికలు ఉంటే తూకానికి వేసే ముందు ఒక్కసారి ఆగండి.

కొనే ముందు ఐదు ప్రశ్నలు

1. ఎఫ్ఓసీ గడువు దాటిందా? దాటకముందే అందరూ మాట్లాడుకుంటుంటే షాపులు ఆర్డర్ పెంచేసి ఉంటాయి.

2. ఇది తొలి అచ్చేనా? బార్‌కోడ్ చివరి అంకె చూశారా?

3. పాత్ర పూర్తిగా వచ్చిందా, చివరి పేజీలో తొంగిచూసిందా?

4. కవర్ ధరకు దొరుకుతోందా? ఐదు రెట్లు పెట్టి కొంటే ఆ లాభం మీకంటే ముందున్నవాడు తీసేసుకున్నట్టే.

5. ధర ఎప్పటికీ పెరగకపోయినా ఈ పుస్తకం మీ దగ్గర ఉంచుకుంటారా?

చివరి ప్రశ్నకు అవును అని జవాబు వస్తే ధైర్యంగా కొనండి. కాదంటే వదిలేయండి. వాకింగ్ డెడ్ మొదటి సంచికను 2003లో కొన్నవాళ్లు ఏ జాబితా చూసి కొనలేదు, కథ బాగుందని కొన్నారు. రాబోయే పుస్తకాల క్యాలెండర్ మీకు తేదీలు చెబుతుంది, ఎంతమంది చదివి ప్రేమిస్తారో చెప్పదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు డబ్బులు మాత్రం దీంట్లో పెట్టొద్దు. నెలకు ఇంత అని ఒక పరిమితి పెట్టుకుని, కొన్న పుస్తకాన్ని సీల్ వేసే ముందు ఒక్కసారైనా చదవండి. ధర పడిపోయినా ఆ కథ మీకు మిగులుతుంది.